సైకాలజిస్టు పోస్టు ఎక్కడుంది, మంత్రిగారూ?

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మీ కార్యాలయానికి చేరే ఉంటుంది. అందులో ప్రతివాది మన రాష్ట్రమే. 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. పోలీసుల దర్యాప్తు మీద నమ్మకం పోయిన తండ్రి సీబీఐ విచారణ కావాలని హైకోర్టుకు వెళ్లాడు. అక్కడ కాదంటే ఢిల్లీ దాకా వెళ్లాడు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా కేసును సీబీఐకి అప్పగించి అంతటితో ఊరుకోలేదు. తగిన చట్టం వచ్చేదాకా దేశమంతటా పాటించాలంటూ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలన్నది వాటిలో ఒకటి. వందకు తక్కువున్న చోట బయటి నిపుణులతో పక్కా ఏర్పాటు ఉండాలి. బడికీ కాలేజీకీ కోచింగ్ సెంటరుకూ హాస్టలుకూ దేనికీ మినహాయింపు లేదు.

మన నేల మీద పోయిన ప్రాణం వల్ల దేశానికంతటికీ వచ్చిన తీర్పు ఇది. అమలులో ముందు వరసలో మనమే ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఇక మీ శాఖ లెక్క. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్‌జీటీలు 6,371, టీజీటీలు 1,781, పీజీటీలు 286, ప్రిన్సిపాళ్లు 52, పీఈటీలు 132. ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసినవాళ్లకు ఉద్యోగాలు వచ్చాయి, సంతోషం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు విడిగా మంజూరు చేశారు, అదీ మంచి పనే. కానీ ఆ డీఎస్సీ జాబితాను పైనుంచి కిందికి ఎన్నిసార్లు చదివినా సైకాలజిస్టు అన్న పేరు కనిపించదు. ఏదో ప్రాజెక్టు కింద కొన్ని నెలలకో, ఒక విద్యాసంవత్సరానికో తీసుకుని పంపించేసే కౌన్సెలర్లను దీనికి బదులుగా చూపించవద్దు. పిల్ల నోరు విప్పడానికే ఒక టర్మ్ పడుతుంది. విప్పే సమయానికి ఆ మనిషి కాంట్రాక్టు అయిపోతే, రెండోసారి ఆ పిల్ల ఎవరి దగ్గరా విప్పదు.

నేను ఈ వృత్తిలో ఉన్నదాన్ని. ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఏ సంస్థలోనూ ఉద్యోగిని కాను, పిలిచిన బడులకు వెళ్లి పిల్లల్ని చూసివస్తుంటాను. కాబట్టి ఈ ఉత్తరంలో నా స్వార్థం ఏమైనా ఉందా అని ఎవరైనా అడిగితే, ఉంది. నా దగ్గర ఎమ్మెస్సీ సైకాలజీ ప్రాజెక్టులు చేసిన అమ్మాయిలు బెంగళూరులో హెచ్చార్ ఉద్యోగాలకు వెళ్లిపోతుంటే చూడలేకపోతున్నాను.

బడిలో సైకాలజిస్టు ఏం చేస్తారన్నదే చాలామందికి తెలియదు. తెలిసిందల్లా ఫలితాల రోజు టీవీ తెర మీద కనిపించి ‘పిల్లలూ, ఒత్తిడికి గురికావద్దు’ అని చెప్పే మనిషి. లేదంటే ఏడాదికోసారి ఆడిటోరియంలో మైకు పట్టుకుని, రెండు పిట్టకథలు, నాలుగు జోకులు చెప్పి, చివర అందరిచేతా ‘నేను సాధించగలను’ అనిపించి వెళ్లిపోయే మోటివేషన్ స్పీకర్. చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా ప్రభుత్వం పెట్టుకుంది. ఆయన మాట చెవిన పడని తెలుగు ఇల్లు తక్కువ, ఆ మాటకున్న విలువను నేను కాదనను. అయితే వెయ్యిమంది ముందు చెప్పే పని వేరు, ఒక్కరి ముందు కూర్చుని వినే పని వేరు. రెండోదానికి మనిషి లేడనే నా గోడు.

ఈ వృత్తి పుట్టిందే ఒక టీచరమ్మకు వచ్చిన సందేహంతో. 1896లో ఫిలడెల్ఫియాలో మార్గరెట్ మెగ్వైర్ అనే టీచరు పద్నాలుగేళ్ల కుర్రాణ్ని వెంటబెట్టుకుని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ దగ్గరికి వెళ్లింది. వాడికి తెలివితేటలున్నాయి, స్పెల్లింగు మాత్రం ఎంత నేర్పినా రావడం లేదు, ఎందుకో చెప్పమంది. విట్మర్ ఉపన్యాసం ఇవ్వలేదు. ముందు వాడి కళ్లు పరీక్ష చేయించాడు. చూపులో లోపం తేలింది, అద్దాలు వచ్చాయి, ఆ తర్వాత చదవడంలో మిగిలిన ఇబ్బందికి శిక్షణ మొదలైంది. ప్రపంచంలో మొదటి సైకాలజీ క్లినిక్కుకు వచ్చిన మొదటి కేసు అదే. 1913లో లండన్ కౌంటీ కౌన్సిల్ తన బడుల కోసం సిరిల్ బర్ట్‌ను నియమించింది. 1915లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం ఆర్నాల్డ్ గెసెల్‌కు స్కూల్ సైకాలజిస్టు అన్న హోదా ఇచ్చి బడులకు పంపింది. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఈ రెండు చోట్లా జీతం ఇచ్చింది ప్రభుత్వం. బడి యజమాని కాదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మన బడుల్లో ఆ ఫిలడెల్ఫియా కుర్రాళ్లు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఆరో తరగతి అబ్బాయిని ఊహించుకోండి. బోర్డు మీద ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సులోకి ఎక్కిస్తాడు. అదే పేజీ చదవమంటే నోట మాట రాదు. గుణింతం వరకూ ఎలాగో నెట్టుకొస్తాడు, ఒత్తు వచ్చిందా అక్కడ ఆగిపోతాడు, లేదా ఒత్తును వదిలేసి పోతాడు. ‘పుస్తకం’ పుసకం అవుతుంది, ‘విద్యార్థి’ దగ్గర మొదటి అక్షరం చూసి తోచిన మాట అనేస్తాడు. పాఠం చెవితో విన్నాడంటే మాత్రం ఎక్కడ అడిగినా చెబుతాడు. క్రికెట్ స్కోరులో ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు కావాలో నోటిలెక్కగా చెప్పేస్తాడు. ఇలాంటివాడిని మన స్టాఫ్‌రూమ్ ఏమంటుందో మీకు తెలుసు. ‘వాడికి తెలివి ఉంది సార్, ఒళ్లు వంగదు.’ ఇంట్లో తండ్రి చేతిలో బెల్టు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వాడు చివరి బెంచీలో క్లాసుకు విదూషకుడై కూర్చుంటాడు, ఎందుకంటే చదవమని లేపితే పరువు పోతుంది, అల్లరి చేసి బయట నిలబడితే పోదు.

ఈ పిల్లవాడి విషయంలో సైకాలజిస్టు పని ఒక క్రమంలో సాగుతుంది. మొదట కళ్లు, చెవులు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు ఈ పిల్లవాడు ఆ రోజు బడికి వచ్చాడో లేదో చూసుకోవాలి, అదే పెద్ద పని. తర్వాత చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా ఏ తరగతి స్థాయిలో ఉన్నాయో నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షల వంటివాటితో చూడాలి. తెలివితేటల పరీక్ష చేయాలి, వాడికి మార్కు వేయడానికి కాదు, వాడు మొద్దు కాదని కాగితం మీద నిరూపించడానికి. తల్లితో కూర్చుని వాడికి మాటలు ఎప్పుడు వచ్చాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా అని అడగాలి. సగం సార్లు పక్కన కూర్చున్న తండ్రి తల వంచుకుంటాడు, బెల్టు పట్టిన చెయ్యే చిన్నప్పుడు అక్షరాల దగ్గర వణికిన చెయ్యి. ఆ తర్వాత తెలుగు టీచరుతో మాట్లాడి, నలుగురిలో లేపి చదివించడం ఆపించి, ఒత్తులను వేళ్లతో గీయించి, గట్టిగా పలికించి నేర్పే పద్ధతి మొదలుపెట్టాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, లేఖరి సాయం వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. అయితే ఆ కాగితం కోసం ఇప్పుడు తల్లిదండ్రులు పరుగెత్తేది ఎప్పుడంటే, పదో తరగతి జనవరిలో, ప్రీఫైనల్ మార్కులు చూశాక. మూడో తరగతిలో దొరకాల్సిన పిల్లవాడు పదిలో దొరికితే సైకాలజిస్టు చేతిలో మిగిలేది సర్టిఫికెట్టు ఒక్కటే. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాలు, అక్కడి రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్‌పీలు) తమ శక్తికి మించి చేస్తున్నారు, వాళ్లను చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. వాళ్ల చూపు ఎక్కువగా పైకి కనిపించే వైకల్యాల మీద ఉంటుంది. ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లవాడు చూపులకు నిక్షేపంగా ఉంటాడు, అదే వాడి దురదృష్టం.

చదువు ఒక భాగం మాత్రమే. హాజరు పట్టీ చదవడం వచ్చినవాళ్లకు బడి లోపలి కథ సగం అక్కడే తెలిసిపోతుంది. ఒకమ్మాయికి ప్రతి మంగళవారం కడుపునొప్పి వస్తోందంటే, మంగళవారం ఏ పీరియడ్ ఉంది, ఎవరు తీసుకుంటారు, ఆ రోజు ఆటో డ్రైవరు మారతాడా అని చూడాలి. తల్లి దాన్ని దిష్టి అనుకుంటుంది, డాక్టరు గ్యాస్ట్రిక్ మాత్ర రాస్తాడు. సోమవారాలు రాని పిల్లలకు ఇంట్లో ఆదివారం ఏం జరుగుతోందో అడగాలి. తాగి వచ్చే తండ్రి ఉన్న ఇంట్లో సోమవారం పొద్దున అంటే ఏమిటో ఆ పిల్లలకే తెలుసు.

కర్నూలు జిల్లా పడమటి మండలాలనుంచి ఏటా కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు పోతాయి. ఆడపిల్లను కస్తూర్బా విద్యాలయంలో వదిలి వెళ్లిన తల్లి, తొమ్మిదో తరగతి మధ్యలో ఫోన్ చేసి ‘సంక్రాంతికి వస్తున్నాం, మామ కొడుకు వాళ్లు కూడా వస్తారు’ అంటుంది. అంతే. అప్పటినుంచి ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని లేచిపోతుంది, హోంవర్క్ చెయ్యదు, అడిగితే తలనొప్పి అంటుంది. ఆ పిల్లకు మందులు అవసరం లేదు. ఎవరో ఒకరు రెండోసారీ మూడోసారీ అడిగి అసలు సంగతి రాబట్టి, ప్రిన్సిపాల్‌తో, ఐసీడీఎస్ వాళ్లతో, అవసరమైతే చైల్డ్‌లైన్ 1098తో మాట్లాడి, తల్లి గుంటూరు చేలల్లో ఉండగానే ఆ పెళ్లి ఆపించాలి. ఇది పాఠం చెప్పే టీచరు చెయ్యలేరా అంటే, చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం. కానీ ఆ టీచరే సిలబస్ పూర్తి చెయ్యాలి, మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి, యాప్‌లో ఫోటోలు ఎక్కించాలి. మూడోసారి అడిగే తీరిక ఆమెకు ఎక్కడిది?

అందుకే, ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమం కింద బడికి ఇద్దరు టీచర్లకు ఇచ్చే శిక్షణ చాలు కదా అన్న మాట వినిపించినప్పుడు నాకు చిరాకు కలుగుతుంది. తేడా కనిపెట్టే కళ్లుగా టీచర్లు ఉండాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కోర్టు కూడా చెప్పింది. కనిపెట్టాక పిల్లను ఎవరి దగ్గరికి పంపాలి అన్న ప్రశ్నకు ఆ శిక్షణలో జవాబు లేదు.

ఇక అసలు భయం దగ్గరికి వస్తాను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో పొరుగున తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు, ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత కమిటీ తేల్చింది. ఇలాంటి ప్రతి సంఘటన తర్వాతా ప్రభుత్వాలు మొదట చేసే పని ఒక ఫోన్ నంబరు ప్రకటించడం. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ 14416 మంచి సేవ, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. కానీ రెసిడెన్షియల్ కాలేజీలో పిల్లల దగ్గర ఫోను ఉండదు సార్. వార్డెన్ గదిలో ఉన్న ల్యాండ్‌లైన్ నుంచి, వెనక పదిమంది లైనులో నిలబడి ఉండగా, ఏ పిల్లవాడు తనకు బతకాలని లేదని చెబుతాడు?

పెద్దలకు ఒక గట్టి నమ్మకం ఉంది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని. అది తప్పు. మెల్లగా, సూటిగా అడిగితే పిల్లల భుజాలు దిగుతాయి, ఇన్నాళ్లూ ఒంటరిగా మోసినదాన్ని పంచుకోవడానికి ఒక మనిషి దొరికినట్టవుతుంది. అడగడం, విన్నాక కంగారు పడకపోవడం, ఆ రాత్రి ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా ఏర్పాటు చెయ్యడం, ఇంటివాళ్లకు ఎలా చెప్పాలో చూసుకోవడం, బోధనాసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లడం ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులు. సైకాలజిస్టు మందులు రాయరు, రాయకూడదు. మందులు కావలసిన పిల్లను సమయానికి డాక్టరు దాకా చేర్చడం మాత్రం ఆమె బాధ్యత. ‘మా అమ్మాయికి పిచ్చా?’ అని కోపంగా లేచిన తండ్రిని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టడం కూడా.

పిల్లలు చెప్పినదాన్ని గుట్టుగా ఉంచడం ఈ పనికి ప్రాణం. ఎవరిని ప్రేమిస్తున్నారు, ఎవరితో గొడవ పడ్డారు, ఇంట్లో ఏం జరిగింది అన్నవి గది దాటి పోకూడదు. రెండు చోట్ల మాత్రం దాటాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపించినప్పుడు, పిల్ల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినప్పుడు. రెండోదాంట్లో పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, సంస్థ పరువు పేరిట దాచడం నేరం. ఈ షరతులను సైకాలజిస్టు మొదటి రోజే పిల్లకు చెబుతుంది, ఆ మాట మీద నిలబడుతుంది.

ఎంత చేసినా ఒక్కోసారి ఒక పిల్ల చెయ్యి జారిపోతుంది. ఆ మర్నాడు మన విద్యాసంస్థలు చేసేది ఏమిటో నాకు తెలుసు. గేటుకు తాళం, సెలవు ప్రకటన, పిల్లలందరినీ బస్సుల్లో ఇళ్లకు పంపడం. పక్క మంచం మీద పడుకున్న స్నేహితురాలు ఆ రోజు ఏ ఊరి బస్సులో ఏమనుకుంటూ వెళ్లిందో ఎవరూ అడగరు. నిజానికి ఆ రోజే బడిలో సైకాలజిస్టు అవసరం అన్నిటికన్నా ఎక్కువ. సెక్షను సెక్షనుకూ వెళ్లి, జరిగింది దాచకుండా, ఎలా జరిగిందన్న వివరాలు లేకుండా నాలుగు మాటల్లో చెప్పాలి. పోయిన పిల్లను నిందించకూడదు, వీరగాథ చెయ్యకూడదు. దగ్గరి స్నేహితులు, ఆ గదిలోవాళ్లు, అదే ప్రాంగణంలో చదివే తమ్ముడో చెల్లెలో, ఈమధ్యే ఇలాంటి మాటలు అన్నవాళ్లు, వీళ్లందరినీ వారాల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. ఒక చావు తర్వాత అదే ప్రాంగణంలో ముప్పు పెరుగుతుందని ఈ వృత్తిలో అందరికీ తెలుసు, అక్కడ జరిగేది మాత్రం సెలవు.

ఇప్పుడు జీతం సంగతి. నేను పనిచేసిన కాలేజీలో నా గది ప్రిన్సిపాల్ గది పక్కన. తలుపుకు సగం వరకు అద్దం. లోపలికి వచ్చిన పిల్లను కారిడార్‌లో పోయే లెక్చరర్లందరూ చూస్తారు. అడ్మిషన్ల కాలంలో నన్ను పీఆర్వోలతో ఊళ్లకు పంపేవారు, ‘మా దగ్గర సైకాలజిస్టు ఉన్నారు’ అని తల్లిదండ్రులకు చూపించడానికి. ఒక అబ్బాయిని ర్యాంకుల సెక్షన్ నుంచి మామూలు సెక్షనుకు మార్చమని రాసి ఇస్తే, ‘వాణ్ని అక్కడే ఉంచి ధైర్యం చెప్పండి మేడమ్, అందుకే కదా మీరున్నది’ అన్నారు. ఆదివారం పరీక్షలో తగ్గిన మార్కులు తండ్రి ఫోనుకు మెసేజ్ వెళ్లేలోపు ఆ పిల్లవాడికి ధైర్యం చెప్పడం నా డ్యూటీ. మెసేజ్ ఆపమని అడిగే హక్కు నాకు లేదు. మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయవద్దని, నలుగురిలో అవమానించవద్దని సుప్రీంకోర్టు ఇప్పుడు రాసింది. ఆ మాటను యాజమాన్యానికి గుర్తుచేయాల్సిన మనిషి జీతం అదే యాజమాన్యం చేతిలో ఉంటే, ఆమె మొదటి నెల గుర్తుచేస్తుంది, రెండో నెల ఊరుకుంటుంది, మూడో నెల వేరే ఉద్యోగం చూసుకుంటుంది. నేను చూసుకున్నాను.

నేను మిమ్మల్ని అడుగుతున్నదంతా ఇక్కడ ఉంది. తీర్పు ప్రకారం ప్రతి కాలేజీ ఒక పేరును రిజిస్టరులో రాసేస్తుంది. బీఏలో సైకాలజీ ఒక పేపరు చదివిన అడ్మిన్ ఉద్యోగిని ఆ కుర్చీలో కూర్చోబెడితే తనిఖీకి వచ్చినవాళ్లకు కాగితం సరిపోతుంది. 2001లో నీరదారెడ్డి కమిటీ, ఆ తర్వాత చక్రపాణి కమిటీ రెసిడెన్షియల్ కాలేజీల తీరు మీద చెప్పినవి అల్మారాల్లో చేరిన రాష్ట్రం మనది. ఈ తీర్పుకు కూడా ఆ గతి పట్టకుండా ఉండాలంటే, సైకాలజిస్టు ప్రభుత్వ ఉద్యోగి కావాలి.

మొదటి విడతగా రాష్ట్రంలో ఉన్న దాదాపు 680 మండలాలకు మండలానికి ఒకరు, 352 కస్తూర్బా విద్యాలయాలకు ఒక్కొక్కరు చొప్పున చూసుకున్నా వెయ్యికి కొంచెం పైన పోస్టులు అవుతాయి. మెగా డీఎస్సీలో సుమారు పదహారో వంతు. కోర్టు అడిగినదానికన్నా ఇది చాలా తక్కువ, ఆ సంగతి నాకు తెలుసు. అమెరికాలో స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం 500 మంది విద్యార్థులకు ఒకరు ఉండాలంటుంది, అంత సంపన్న దేశంలోనే చాలా రాష్ట్రాలు ఆ లెక్క అందుకోలేకపోతున్నాయి. అలాగని సున్నా దగ్గర కూర్చోలేం కదా. గురుకులాలు, ప్రభుత్వ జూనియర్ కాలేజీలు రెండో విడతలో రావచ్చు. ప్రైవేటు కాలేజీలనుంచి విద్యార్థి తలకు ఇంత అని వసూలు చేసి, జిల్లాకో కమిటీ వేసి, ఆ డబ్బుతో ఆ కమిటీయే వాళ్లకు సైకాలజిస్టులను నియమించి పంపాలి. జీతం ఇచ్చే చెయ్యి మారితే నోరు లేస్తుంది.

మండల సైకాలజిస్టు కుర్చీ హైస్కూల్లోనే వెయ్యండి. ఎంఈవో ఆఫీసులో వేస్తే మూడో నెలకల్లా ఆమె ఆన్‌లైన్ ఎంట్రీలు చేస్తుంటుంది. గదికి అద్దాల తలుపు వద్దు, గది హెచ్ఎం గది పక్కన వద్దు. ఆమెకు పీరియడ్లు వెయ్యవద్దు, ఇన్విజిలేషన్ వెయ్యవద్దు, బడి ఉత్తీర్ణత శాతంతో ఆమె పనితీరును కొలవవద్దు.

మనుషులు ఎక్కడున్నారని మీ అధికారులు అంటారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఎన్నో ఏళ్లుగా సైకాలజీలో పీజీలను తయారుచేస్తున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థలో ఉంది, ఇంట్లో చదువుకునేది ఆరు నెలలు, అక్కడ ఉండి నేర్చుకునేది మూడు నెలలు, ఇంటర్న్‌షిప్ మూడు నెలలు. ఆసక్తి ఉన్న మన టీచర్లను జీతంతో అక్కడికి పంపవచ్చు. పోస్టు లేదని చదవడం లేదు, చదివినవాళ్లు లేరని పోస్టు ఇవ్వడం లేదు. ఈ ముడిని విప్పగలిగింది పోస్టు ఇచ్చే చెయ్యి మాత్రమే.

సీబీఎస్ఈ తన అనుబంధ బడులు కౌన్సెలర్‌ను పెట్టుకోవాలని 2018 నిబంధనల్లోనే రాసింది. డబ్బున్నవాళ్ల పిల్లలు ఎక్కువగా చదివే బడులకు ఆ నియమం ఉండి, జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లకు లేకపోవడం అన్యాయం.

సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాల్లో ఒక్కొక్కటీ మన రాష్ట్రంలో ఏ జిల్లాలో ఎంతవరకు అమలైందో ఒక శ్వేతపత్రం ప్రజల ముందు పెట్టండి. వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్‌లోపు స్కూల్ సైకాలజిస్టు క్యాడర్‌కు అర్హతలు, సర్వీసు నిబంధనలు, పోస్టుల సంఖ్య తేల్చి జీవో ఇవ్వండి. ఈ ఉత్తరానికి నేను కోరే జవాబు ఆ జీవోయే.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక స్కూల్ సైకాలజిస్టు